రాళ్లు లేని సమాధులు: మాళ యూదు శ్మశానం

విద్యార్థులారా! ముందుగా మీ అట్లాసు తెరిచి కేరళ పేజీ తీయండి. కొచ్చికి ఉత్తరంగా, కొడుంగల్లూరుకు తూర్పుగా త్రిస్సూర్ జిల్లాలో మాళ అనే చిన్న పట్టణం ఉంది. బజారు నడుమ పాత సినగాగు, అంటే యూదుల ప్రార్థనా మందిరం ఉంది. దానికి సంబంధించిన సుమారు నాలుగెకరాల నేల ఊళ్లో మరోచోట ఉంది. చూసేవారికి అది గడ్డి మొలిచిన ఖాళీ స్థలంలా తోస్తుంది. లోపలికి వెళితే మూడు సమాధులు కనిపిస్తాయి. మూడంటే మూడే. అయినా ఆ నాలుగెకరాలూ శ్మశానమే. కొన్ని తరాల మనుషులు అక్కడ మట్టిలో ఉన్నారు.

మరి మిగిలిన సమాధులు ఏమయ్యాయి? రాయి లేని చోటును సమాధి అని ఎలా అంటాం? ఈ పాఠంలో మనం తేల్చుకోవలసింది ఈ రెండు ప్రశ్నలనే. ఇవి చరిత్ర ప్రశ్నల్లా కనిపిస్తాయి కాని, వీటిలో సగం భూగర్భ శాస్త్రం, పావు వంతు రసాయన శాస్త్రం. నాలాంటి సైన్సు మాస్టారు చరిత్ర పాఠంలోకి రావడానికి కారణం అదే.

ముందు ఈ మనుషులెవరో తెలుసుకుందాం. కేరళ తీరానికి యూదులు ఎప్పుడు వచ్చారన్న దానిపై కథలు చాలా ఉన్నాయి. సొలొమోను రాజు ఓడల్లో వచ్చారని కొందరంటారు, జెరూసలేం ఆలయం కూలాక వచ్చారని మరికొందరంటారు. కథలను కథలుగానే ఉంచి, చేతికందే ఆధారాలకు వద్దాం. క్రీ.శ. 849లో కొల్లంలో ఒక క్రైస్తవ ఆలయానికి ఇచ్చిన రాగి రేకుల మీద సాక్షుల సంతకాలున్నాయి. వాటిలో కొన్ని హీబ్రూ లిపిలో, పారశీక భాషలో ఉన్నాయి. అంటే ఆనాటికే పశ్చిమాసియా యూదు వర్తకులు మన తీరంలో సాక్షి సంతకం చేసేంత పరపతి ఉన్నవాళ్లు. మరో నూటయాభై ఏళ్లకు, క్రీ.శ. 1000 ప్రాంతంలో, చేర రాజు భాస్కర రవివర్మ జోసెఫ్ రబ్బాన్ అనే యూదు ప్రముఖుడికి 72 హక్కులు ఇస్తూ రాగి శాసనం వేయించాడు. పగటి దివిటీ, పల్లకి, గొడుగు, భేరి లాంటి గౌరవాలూ, పన్ను మినహాయింపులూ అందులో ఉన్నాయి. పరాయి దేశం నుంచి వచ్చిన వర్తకులకు ఒక రాజు ఇంత మర్యాద ఇవ్వడానికి కారణం ఊహించడం కష్టం కాదు. మిరియాల వ్యాపారం.

కొడుంగల్లూరు రేవు ప్రాభవం తగ్గాక ఆ కుటుంబాలు చుట్టుపక్కల ఊళ్లకు సర్దుకున్నాయి. ఇరవయ్యో శతాబ్దం నాటికి కొచ్చి, ఎర్నాకుళం, పరవూర్, చేందమంగలం, మాళ వారి ఊళ్లు. వాళ్లు ఇంట్లో మాట్లాడింది మలయాళం. ఆడవాళ్లు పెళ్లిళ్లకు పాడుకున్నదీ మలయాళం పాటలే. ప్రార్థన మాత్రం హీబ్రూలో. ఇక్కడి యూదులపై ఇరుగుపొరుగు హిందువులు, ముస్లింలు, సిరియన్ క్రైస్తవులు దాడులు చేసిన చరిత్ర దాదాపు లేదు. వారిని బాధపెట్టినది ప్రధానంగా పోర్చుగీసు పాలన.

అలాంటప్పుడు ఎందుకు వెళ్లిపోయారు? 1948లో ఇజ్రాయెల్ దేశం ఏర్పడింది. రోజూ ప్రార్థనలో తలుచుకునే నేల ఒక్కసారిగా చేరుకోగల దేశమైంది. ఆర్థిక కారణాలూ తోడయ్యాయి. కాని ప్రయాణం వెంటనే కుదరలేదు. దానికి అడ్డుపడింది ఏమిటో తెలుసా? బోదకాలు! కొచ్చి ప్రాంతంలో ఫైలేరియా ఎక్కువ. ఆ పురుగును దోమలు మోస్తాయి కదా, వలస వచ్చే వారితో పాటు వ్యాధి కూడా తమ దేశానికి వచ్చి అక్కడి దోమలకు అంటుకుంటుందేమోనని ఇజ్రాయెల్ ఆరోగ్య అధికారులు భయపడ్డారు. ఆ భయం తీరేదాకా ఆస్తులు అమ్ముకున్న కుటుంబాలు కూడా ఎదురుచూడవలసి వచ్చింది. చివరికి 1953 తర్వాత దారి తెరుచుకుంది. 1955 నాటికి ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయ్యాయి. మాళ యూదులు దాదాపు అందరూ వెళ్లిపోయారు. వారిలో కొందరి మనుమలు, మునిమనుమలు నేడు నెగెవ్ ఎడారిలోని నెవతీమ్ లాంటి వ్యవసాయ గ్రామాల్లో ఉన్నారు.

వెళ్లే ముందు ఏమి తీసుకుపోయారు, ఏమి వదిలేశారు అన్నది చూడండి. తోరా చుట్టలను తీసుకుపోవచ్చు. చెక్కతో చేసిన పీఠాలను, పెట్టెలను కూడా విప్పి ఓడ ఎక్కించవచ్చు. కొచ్చిలోని కడవుంభాగం సినగాగు లోపలి చెక్కపని అంతా తర్వాతి కాలంలో అలాగే సముద్రం దాటింది. దాన్ని జెరూసలేంలోని ఇజ్రాయెల్ మ్యూజియంలో తిరిగి నిలబెట్టారు. శ్మశానాన్ని మాత్రం ఎవరూ తీసుకుపోలేరు.

ఈ మాటలో ఉన్న బరువు మనకు తెలియాలంటే యూదుల ఆచారం కొంచెం తెలియాలి. మన భాషలో శ్మశానం అనగానే చితి గుర్తుకొస్తుంది. యూదులు దహనం చేయరు, పూడుస్తారు. హీబ్రూలో శ్మశానానికి ఉన్న పేర్లలో ఒకటి 'బేత్ ఓలామ్', అంటే శాశ్వత గృహం. ఇంకొకటి మరింత ఆశ్చర్యంగా 'బేత్ హయ్యీమ్', జీవించి ఉన్నవారి ఇల్లు. ఒకసారి పూడ్చిన చోటును మళ్లీ తవ్వకూడదు. ఆ జాగాలో మరొకరిని పూడ్చకూడదు. సమాధి మీది రాయి గుర్తు మాత్రమే. రాయి పోయినా అది సమాధే, ఆ నేల చనిపోయిన మనిషిదే. నేలను తోటగానో మైదానంగానో వాడుకోవడానికి ఆ ఆచారం ఒప్పుకోదు.

అందుకే మాళ యూదులు వెళ్లే ముందు, 1955లో, తమ శ్మశానాన్ని ఊరి పంచాయతీకి అప్పగించి దాన్ని కాపాడాలని ఒప్పందం చేసుకున్నారు. సినగాగును కూడా పంచాయతీకే ఇచ్చారు. అప్పటికి కేరళ రాష్ట్రం పుట్టలేదు. ఆ ప్రాంతం తిరువాన్కూరు-కొచ్చిన్ రాష్ట్రంలో ఉండేది. దేశం విడిచి వెళ్లే ఒక సమాజం తమ పూర్వీకులను అప్పగించడానికి ఎంచుకున్నది ఏ రాజునో, ఏ గవర్నరునో కాదు. ఊరి పంచాయతీని. నా దృష్టిలో మాళ చరిత్ర మొత్తంలో ఇంతకన్నా గొప్ప ఘట్టం లేదు. వాళ్లకు పొరుగువాళ్ల మీద ఎంత నమ్మకం ఉండి ఉండాలో ఆలోచించండి.

ఆ తర్వాత జరిగింది అంత గొప్పగా లేదు. సినగాగుకు గోడలున్నాయి, కప్పుంది. పాడుబడినా అది కట్టడమని అందరికీ తెలుస్తుంది. శ్మశానానికి అలాంటి రక్షణ లేదు. ఏటేటా రాళ్లు తగ్గుతూ పోయాయి. ఇళ్లు, దుకాణాలు పెరిగే పట్టణంలో నాలుగెకరాల ఖాళీ నేల అంటే మాటలు కాదు. 2010వ దశకంలో శ్మశానపు నేలలో క్రీడా ప్రాంగణం నిర్మాణం చేపట్టినప్పుడు ఊళ్లోని వారసత్వ పరిరక్షణ కార్యకర్తలు గట్టిగా అభ్యంతరం చెప్పారు. 1955 నాటి ఒప్పందాన్ని గుర్తుచేశారు. ఇక్కడ ఒక మాట చెప్పాలి. పిల్లలకు ఆటస్థలం అడగడం నేరమేమీ కాదు. పంచాయతీలకు స్థలాలు దొరకడం కష్టమని మనకూ తెలుసు. కాని 'అక్కడ ఏముంది, మూడు రాళ్లే కదా' అన్న వాదన వినిపించినప్పుడు మాత్రం సైన్సు చదివిన వాళ్లు నోరు విప్పాలి. ఎందుకంటే కనిపించకపోవడం వేరు, లేకపోవడం వేరు.

రాళ్లు ఎలా మాయమవుతాయో చూద్దాం. మనుషులు ఎత్తుకుపోయే సంగతి సరే సరి. ప్రకృతి చేసే పని వేరే ఉంది. కేరళ మధ్యప్రాంతంలో సమాధి కట్టాలన్నా ఇల్లు కట్టాలన్నా చేతికందే రాయి లాటరైట్. ఎర్రగా, తొర్రలు తొర్రలుగా ఉండే ఈ రాయికి ఆ పేరు పెట్టింది ఫ్రాన్సిస్ బుకానన్. మలబారు ప్రాంతంలోని అంగాడిపురం దగ్గర దీన్ని గమనించి 1807లో ప్రచురించిన తన గ్రంథంలో రాశాడు. లాటిన్‌లో 'లేటర్' అంటే ఇటుక. పేరు బాగా కుదిరింది. ఎందుకంటే భూమిలో ఉన్నప్పుడు మెత్తగా ఉండి, ఇటుకల్లా కోసి బయట పెడితే గాలికి గట్టిపడుతుంది. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన పడే చోట నీరు రాతిలోని సిలికాను కడిగేస్తుంది. ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగులుతాయి. ఆ మిగిలినదే లాటరైట్.

ఇంత గరుకు రాతి మీద సన్నని అక్షరాలు చెక్కలేరు. అందుకే లాటరైట్‌తో కట్టి పైన సున్నం పూస్తారు, లేదా వేరే నాణ్యమైన రాతి పలకను అతికిస్తారు. సున్నం పూత అంటే రసాయనికంగా కాల్షియం కార్బొనేట్. వాననీటిలో కరిగిన కార్బన్ డయాక్సైడు నీటిని కొద్దిగా ఆమ్లంగా మారుస్తుంది. ఆ నీరు పూతను కొంచెం కొంచెంగా తినేస్తుంది. పగుళ్లలో నాచు, లైకెన్లు చేరతాయి. లైకెన్లు స్రవించే ఆక్సాలిక్ ఆమ్లం రాతి ఉపరితలాన్ని కొరుకుతుంది. ఆ తర్వాత మర్రో రావో వేరు దూర్చితే చాలు, కట్టడం రెండుగా చీలుతుంది. ఒక కుటుంబం ఊళ్లో ఉంటే ఏటా సున్నం కొడుతుంది, మొక్కలు పీకుతుంది. ఆ పని ఆగిపోయిన రోజు నుంచి సమాధికి వయసు మీదపడడం మొదలవుతుంది. మాళలో ఆ పని 1955లో ఆగింది.

పోనీ, కింద ఎముకలైనా ఉంటాయా? లాటరైట్ నేలలు ఆమ్ల స్వభావం కలవి. ఎముక గట్టిదనమంతా కాల్షియం ఫాస్ఫేటుదే. అది ఆమ్ల నేలలో నెమ్మదిగా కరిగిపోతుంది. కాబట్టి కొన్ని శతాబ్దాల తర్వాత తవ్వి చూసినా ఎముక దొరకకపోవచ్చు. దొరకలేదు కాబట్టి సమాధి లేదు అనడం తప్పు. అయినా అక్కడ ఒక గుర్తు మిగులుతుంది. ఎన్నడూ కదలని మట్టికీ, ఒకసారి తవ్వి మళ్లీ నింపిన మట్టికీ తేడా ఉంటుంది. పొరలు చెదిరిపోతాయి, తేమ పట్టే తీరు మారుతుంది, గట్టిదనం మారుతుంది.

ఈ తేడాను తవ్వకుండానే పట్టుకునే పరికరాలు నేడు ఉన్నాయి. భూమిలోకి రేడియో తరంగాలు పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వనులను నమోదు చేసే రాడార్ ఒకటి. నేలలోకి స్వల్పంగా విద్యుత్తు పంపి నిరోధాన్ని కొలిచే పద్ధతి మరొకటి. తడి బంకమట్టిలో రాడార్ తరంగాలు తొందరగా బలహీనపడతాయి కాబట్టి కేరళ లాంటి చోట వేసవిలో కొలవడం మేలు. తవ్వకం పనికిరాదని చెప్పే యూదుల ఆచారానికీ, నేలను చెడగొట్టని ఈ పద్ధతులకూ పొత్తు చక్కగా కుదురుతుంది. యూరప్‌లో 2015 నుంచి ఒక సంస్థ డ్రోన్లతో వేలాది యూదు శ్మశానాల హద్దులు కొలిచి, చాలా చోట్ల కంచెలు కట్టింది. వాటిలో ఒక్క రాయి కూడా మిగలని శ్మశానాలున్నాయి. కంచె నేలకు కట్టారు, రాళ్లకు కాదు.

ఇక మిగిలిన రాళ్ల సంగతి. ఒక్క రాయి మిగిలినా ఎంత చెబుతుందో చూపడానికి మాళకు దగ్గర్లోనే మంచి ఉదాహరణ ఉంది. చేందమంగలం సినగాగు ముందు ఒక సమాధి రాయి నిలబెట్టి ఉంది. 'ఇశ్రాయేలు కూతురు సారా' అనే స్త్రీది. కాలం క్రీ.శ. 1269. భారతదేశంలో దొరికిన హీబ్రూ సమాధి రాళ్లలో అతి పురాతనమైనదిగా దీన్ని చెబుతారు. మన ఓరుగల్లులో రుద్రమదేవి పాలిస్తున్న కాలమది. సారా రాణి కాదు. ఆమె గురించి మరే పుస్తకంలోనూ ఒక్క ముక్క లేదు. ఒక తండ్రి పేరు, ఒక కూతురి పేరు, ఒక సంవత్సరం. అయినా పదమూడో శతాబ్దంలో ఇక్కడ హీబ్రూ చెక్కగల పనివాడున్నాడని, చదవగల సమాజం ఉందని, ఒక స్త్రీ పేరును రాతిలో నిలపాలని కోరుకున్న కుటుంబం ఉందని ఆ మూడు వివరాల నుంచే మనకు తెలుస్తోంది. చేందమంగలం సినగాగును బాగుచేసి 2006లో ప్రదర్శనశాలగా తెరిచారు. మీరు వెళితే ఆ రాయి తప్పక చూడండి.

ఇంకో సమాధి కొచ్చిలోని మట్టాంచేరిలో ఉంది. నెహెమియా మోతా అనే భక్తకవిది. దాని మీది తేదీ కిస్లేవ్ నెల 25, సంవత్సరం 5376. ఇది ఏ సంవత్సరం? మనం లెక్క కట్టవచ్చు. హీబ్రూ సంవత్సరం నుంచి 3760 తీసేస్తే క్రీస్తుశకం వస్తుంది: 1616. కాని యూదుల సంవత్సరాది సెప్టెంబరు, అక్టోబరుల్లో వస్తుంది. కిస్లేవ్ నెల నవంబరు, డిసెంబరుల్లో పడుతుంది, అంటే మన జనవరి ఒకటికి ముందు. కాబట్టి ఇంకొకటి తగ్గించాలి: 1615. ఈ చిన్న సవరణ మరిచిపోయి ఏడాది తప్పు వేసిన పుస్తకాలు లేకపోలేదు. పాత పత్రాల్లో క్రీ.పూ. 312 నుంచి లెక్కపెట్టే సెల్యూసిడ్ శకం కూడా తగులుతుంది. దానికి లెక్క వేరు.

నెహెమియా మోతా సమాధిలో నాకు లెక్క కన్నా ఆసక్తి కలిగించే విషయం మరొకటి ఉంది. దాని చుట్టూ ఒకప్పుడు శ్మశానం ఉండేది. అదంతా పోయి ఇళ్లు వచ్చాయి. ఈ ఒక్క సమాధి మాత్రం మిగిలింది. యూదులు లేని ఆ వీధిలో దీన్ని ఎవరు కాపాడారు? ఆయన మహిమ గలవాడని నమ్మి, అన్ని మతాల వాళ్లూ వచ్చి అక్కడ కొవ్వొత్తులు వెలిగిస్తారు. పక్క సమాధుల్లోని రాయి దీనికన్నా మెత్తనిదేమీ కాదు. దీనికి మనుషుల రాకపోకలు ఉన్నాయి, వాటికి లేవు.

రాళ్లను తీసుకెళ్లి భద్రమైన చోట పెడితే సరిపోదా అని మీలో కొందరు అడగవచ్చు. మద్రాసులో అదే చేశారు, ఆ కథకు మన తెలుగు నేలతో సంబంధం కూడా ఉంది. 17వ శతాబ్దంలో గోల్కొండ వజ్రాల కోసం పోర్చుగీసు యూదు వర్తకులు మద్రాసు చేరారు. వారిలో జాక్ ద పైవా ఒకడు. గోల్కొండ గనుల వైపు వెళ్లి జబ్బుపడి, 1687లో చనిపోయాడు. పెద్దనాయకన్‌పేటలో ఉన్న యూదు శ్మశానంలో ఆయన్ను పూడ్చారు. ఇరవయ్యో శతాబ్దంలో అక్కడి రాళ్లను 1934లో ఒక పార్కుకు, 1979లో కాసిమేడుకు, 1983లో లాయిడ్స్ రోడ్డుకు మార్చారు. రాళ్లు దక్కాయి, సంతోషమే. కాని నేడు ఆ రాతి కింద ఆ మనిషి లేడు. మనిషి ఉన్నచోట రాయి లేదు. శాసనం చదవడానికి ఆ రాయి పనికొస్తుంది. ఫలానా మనిషి ఫలానా చోట ఉన్నాడన్న సాక్ష్యం మాత్రం మొదటి బదిలీతోనే పోయింది. సారా రాయికి కూడా ఈ లోటు ఉంది. మాళలోని ఆ మూడు సమాధుల విలువ ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. అవి ఉండవలసిన చోటే ఉన్నాయి. శ్మశానం ఎక్కడిదాకా ఉందో చెప్పడానికి, పరికరాలతో కొలిచేవాళ్లకు మొదటి గుర్తుగా నిలబడడానికి అవే దిక్కు.

ఈ పని నేర్చుకోవడానికి మీరు కేరళ దాకా వెళ్లనక్కర్లేదు. మచిలీపట్నంలో, భీమునిపట్నంలో డచ్చివారి పాత శ్మశానాలున్నాయి. సముద్రం దాటి వచ్చి, తిరిగి వెళ్లలేకపోయిన వర్తకులవి అవి కూడా. అనుమతి తీసుకుని, మాస్టారితో కలిసి వెళ్లండి. రాతి మీద సుద్ద రుద్దకండి, ఆమ్లంతో కడగకండి, తీగ బ్రష్షు అసలు వాడకండి. అరిగిన అక్షరాలు మధ్యాహ్నం ఎండలో కనిపించవు. ఉదయమో సాయంత్రమో వెలుగు రాతి మీద ఏటవాలుగా పడినప్పుడు వాటి నీడలు లేస్తాయి. నీడ పడే రాయి అయితే ఒకరు అద్దం పట్టుకుని ఎండను పక్క నుంచి మళ్లించండి, ఇంకొకరు ఫొటో తీయండి. ఫొటోలో ఒక స్కేలు, ఉత్తర దిక్కు చూపే బాణం ఉండాలి. రాయి నేలలో ఏ చోట ఉందో కొలిచి, కాగితం మీద పటం గీసి, దానికో నంబరు వేయండి. రాళ్లు లేకుండా దిబ్బగానో పల్లంగానో కనిపించే చోట్లకు కూడా నంబర్లు వేయండి. వాటిని వదిలేస్తే మీ పటం సగమే.